నమూనా రైల్వే గూడ్స్ షెడ్డుకు వయసు తెప్పించడం

హెచ్ఓ స్కేలులో, అంటే అసలులో 87వ వంతు కొలతలో, కిట్టు తెచ్చి అతికించిన ఇటుక గూడ్స్ షెడ్డు ఎంత చక్కగా కుదిరినా ప్లాస్టిక్ మెరుపు పోనంతవరకు బొమ్మలాగే ఉంటుంది. కుంచె పట్టే ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది: ఆ కట్టడం మీద పడిన వాన నీరు ఏ దారిన కిందికి దిగుతుంది? చూరు అంచు, వాన గొట్టం అతుకు, కిటికీ గట్టు రెండు కొసలు, రేకులకు కొట్టిన మేకులు, చిందులు పడే గోడ అడుగు భాగం, మరకలు పుట్టేది ఇక్కడే. ఎక్కడ పడితే అక్కడ మట్టిరంగు పులిమితే షెడ్డు పాతబడదు, మురికిపడుతుంది.

ముందుగా మెరుపును పోగొట్టే మ్యాట్ వార్నిష్‌ను గాలి ఆడే చోట, ముక్కుకు మాస్కు కట్టుకుని, పలుచగా చల్లి ఆరనివ్వాలి. ఆ తరువాత ఇటుకల సందుల్లో లేత బూడిదరంగు యాక్రిలిక్‌ను నీళ్లలో కలిపి పూసి, పూర్తిగా ఆరకముందే గుడ్డను ఏటవాలుగా లాగి తుడిస్తే, ఇటుకల ముఖం శుభ్రపడి సందుల్లో మాత్రం సున్నంలా ఆ రంగు మిగులుతుంది.

అరలీటరు ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ఒకటి రెండు చెంచాల ఇండియన్ ఇంకు (బొమ్మలు గీసే నల్ల సిరా) కలిపిన ద్రావణాన్ని గోడంతటా పూస్తే నీడలు తేలతాయి. ఇంకు ఎక్కువ వేయడం కంటే పలుచని పూతను రెండుసార్లు వేయడమే మేలు. ఆల్కహాలు తగిలి వార్నిష్ తెల్లగా పాలిపోతే కంగారు పడనక్కరలేదు. మరొక పలుచని వార్నిష్ పూతతో ఆ తెలుపు సాధారణంగా పోతుంది.

అసలు పని మరకలది. వాన గొట్టం అతుకు కింద ముదురు గోధుమ రంగును సన్నని కుంచె కొసతో చుక్కగా పెట్టి, తడి ఆరకముందే శుభ్రమైన చెమ్మ కుంచెతో నిట్టనిలువుగా కిందికి లాగాలి. ఆ చార పైన చిక్కగా మొదలై కిందికి పోయేకొద్దీ కనిపించకుండా కరిగిపోవాలి. నమూనా మీద ఒక సెంటీమీటరు చార అసలు గోడ మీద 87 సెంటీమీటర్లు అవుతుందని గుర్తుంచుకుంటే చెయ్యి దానంతటదే అదుపులో ఉంటుంది. కిటికీ గట్టు నడుమ నుంచి చారలు దింపడం చాలామంది చేసేదే కానీ, నీరు ఎక్కువగా కారేది కొసల దగ్గరే.

రేకుల కప్పు మీద ఒకటి రెండు రేకులకు కొంచెం వేరే ఛాయ ఇస్తే అవి తరువాత మార్చినవని చూపరికి తోస్తుంది. తుప్పు రేకుల అతుకుల్లోనూ కింది అంచునా మొదలవుతుంది కనుక, కుంచెకున్న రంగును కాగితం మీద దాదాపు పూర్తిగా తుడిచేసి ఆ చోట్లనే తాకించాలి.

మీ లేఅవుట్, అంటే పట్టాలూ కట్టడాలూ అమర్చిన నమూనా రైల్వే, ఆవిరి ఇంజన్ల కాలానిదైతే పట్టాల వైపు ద్వారం కమాను మీద మసి తప్పనిసరి. సుద్దముక్కలా పొడి రాలే సాఫ్ట్ పాస్టెల్ రంగు కడ్డీని గరుకు కాగితంపై రుద్ది తీసిన నల్లపొడిని మెత్తని కుంచెతో అద్దాలి. ఆయిల్ పాస్టెల్ ఇందుకు పనికిరాదు. పట్టాల పక్క గోడ అడుగున బ్రేకుల ఇనుపరజను రంగులో గోధుమ పొడి కొద్దిగా చాలు. చివరి వార్నిష్ తగలగానే పొడి రంగు బాగా తగ్గిపోతుంది కాబట్టి, పొడిని అవసరమనిపించిన దానికంటే కొంత ఎక్కువగానే వేసి, వార్నిష్‌ను దూరం నుంచి పలుచగా చల్లాలి.

షెడ్డును లేఅవుట్ మీద కూర్చోబెట్టాక గోడకూ నేలకూ మధ్య సన్నని ఖాళీ కనిపిస్తే, అందులో నీళ్లు కలిపిన తెల్ల జిగురు వేసి నేలకు వాడిన మట్టిపొడినే నింపాలి.