కుతూహలం లేకపోవడానికి సరైన మాట ఎలా ఎంచుకోవాలి?

పక్కింటి ముందు పోలీసు జీపు ఆగింది. అరుగు మీద పేపరు చదువుకుంటున్న పెద్దాయన తలెత్తలేదు. ఈ దృశ్యం రాసేటప్పుడు చాలామంది ‘నిర్లక్ష్యం’ అనేస్తారు, దాంతో ఆయన చేయని తప్పొకటి ఆయన మీద పడుతుంది.

మొదట, ఆ మనిషిలో లోపించినదేమిటో తేల్చుకోవాలి. జిజ్ఞాస అంటే తెలుసుకోవాలన్న కోరిక. దానికి ‘అజిజ్ఞాస’ అని వ్యతిరేకపదం కట్టవచ్చు గానీ వాడుకలో నిలబడదు. ఆసక్తి మూలార్థం అంటిపెట్టుకొని ఉండటం, కాబట్టి మనసు ఆ విషయాన్ని అంటుకోలేదని చెప్పదలిస్తే ‘అనాసక్తి’, ‘నిరాసక్తత’ సరిపోతాయి.

తర్వాత, పట్టించుకోవలసిన బాధ్యత ఆ మనిషికి ఉందా అని చూడాలి. అదే జీపు వచ్చినప్పుడు గేటు దగ్గరి కాపలాదారు తలెత్తకపోతే అది నిర్లక్ష్యమే. పెద్దాయన విషయంలో కాదు. ‘ఉపేక్ష’లో ఉన్న ‘ఈక్ష’కు చూపు అని అర్థం గనుక, చూసి కూడా ఊరుకున్నవారికే ఆ మాట చెల్లుతుంది. (‘ఉపేక్షించేది లేదు’ అని అధికారులు ప్రకటించినప్పుడు కనీసం మాటైనా సరైన చోటే పడుతుంది.)

మీరు మెచ్చుకుంటున్నారా, తప్పుపడుతున్నారా అన్నది మూడో ప్రశ్న. ఎడంగా కూర్చున్నవాడు ఉదాసీనుడు. భగవద్గీత 12వ అధ్యాయంలో అది భక్తుడి సుగుణాల్లో ఒకటి. నేటి పత్రికల్లో ‘అధికారుల ఉదాసీనత’ పచ్చి నింద. తామరాకు మీది నీటిబొట్టును గుర్తుచేసే ‘నిర్లిప్తత’కు ఆ మచ్చ ఇంకా అంతగా అంటలేదు. ‘విరక్తి’ అనాలంటే మాత్రం ఒకప్పుడు ఇష్టం ఉండి, తర్వాత పోయి ఉండాలి.

జాతీయాల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. ‘నిమ్మకు నీరెత్తినట్టు’ అంటే చుట్టూ గొడవ జరుగుతున్నా చలించలేదన్న ఎత్తిపొడుపు ఉంటుంది. ‘దున్నపోతు మీద వాన’ కుదరాలంటే ఎవరో ఒకరు ముందుగా చెప్పి, విసిగి ఉండాలి.

చివరగా, నామవాచకాన్ని తీసేసి వాక్యాన్ని చదివి చూడండి. పట్టించుకోకపోవడానికి ఇన్ని మాటలున్న తెలుగు, తెలుసుకోవాలని లేకపోవడాన్ని ఎక్కువగా క్రియతోనే చెబుతుంది: “ఏమిటని కూడా అడగలేదు.” నేనైతే ఆ పెద్దాయన గురించి ఇలా రాస్తాను: “జీపు ఆగిన చప్పుడు విన్నాడు. ఎవరి కోసమని అడగకుండానే పేజీ తిప్పాడు.”