పిల్లలను హాకీలో చేర్చే ముందు: శిక్షణ కేంద్రాన్ని ఎలా చూడాలి, ఏమి అడగాలి

మన సీమ జిల్లాల్లో పిల్లలను ఆటలో పెట్టాలనుకునే తల్లిదండ్రులకు ముందుగా గుర్తొచ్చేది క్రికెట్టే. హాకీ వైపు వచ్చేవారిలో ఎక్కువమంది తామై ఎంచుకుని రారు. బడిలో డ్రిల్ మాస్టారు పిల్లవాడి పరుగు చూసి "వీణ్ణి హాకీకి పంపండి" అంటే వస్తారు. అనంతపురంలో మా పెద్దబ్బాయి విషయంలో అదే జరిగింది. అప్పట్లో నాకు ఆట గురించి తెలిసింది తక్కువ కాబట్టి, ఒక కేంద్రానికి వెళ్లి, ఆఫీసు గదిలో వరుసగా పేర్చిన కప్పులు చూసి, ఆ రోజే ఫీజు కట్టి వచ్చాను. ఏడాది తరువాత వాడు ఇక వెళ్లనన్నప్పుడు కారణం అడిగితే, "వరసలో నిలబడేదే ఎక్కువ నాన్నా" అన్నాడు. రెండో బిడ్డ విషయంలో ఆ తప్పు చేయకుండా, చేర్చే ముందు ఏమేమి చూడాలో నేర్చుకున్నాను. ఆ నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

కేంద్రాన్ని అంచనా వేయవలసింది అక్కడి ఉత్తమ ఆటగాణ్ణి బట్టి కాదు. అందరికంటే వెనకబడిన పిల్లవాడు ఒక మామూలు సాయంత్రం గంటసేపు ఏం చేస్తున్నాడో చూడాలి. కప్పులు తెచ్చే నలుగురు పిల్లలు ఎక్కడ ఉన్నా ఎలాగో నేర్చుకుంటారు. మీ బిడ్డ మొదటి ఏడాది ఉండబోయేది ఆ చివరి పిల్లవాడి స్థానంలోనే.

అందుకని ముందుగా చెప్పకుండా, పోటీలు లేని రోజుల్లో, కనీసం మూడు సాయంత్రాలు మైదానం గట్టున కూర్చోండి. జట్టులో బలహీనంగా కనిపించే ఒకరిద్దరిని ఎంచుకుని, వారి స్టిక్‌కు బంతి ఎన్నిసార్లు తగిలిందో లెక్కపెట్టండి. ఇరవై మంది పిల్లలను ఒకే వరుసలో నిలబెట్టి, ఒకే బంతితో ఒకరి తరువాత ఒకరిని గోల్ వైపు కొట్టించే కేంద్రంలో గంటకు పది పదిహేను తాకిడులకు మించి రావు; మా పెద్దబ్బాయికి జరిగింది ఇదే. అదే ఇరవై మందిని నాలుగు గుంపులుగా విడదీసి, ఒక్కొక్కరికి ఒక్కో బంతి ఇచ్చి, దాన్ని స్టిక్‌తో తోసుకుంటూ పరిగెత్తే డ్రిబ్లింగ్ చేయించి, ఆ తరువాత చిన్న గీతల మధ్య ముగ్గురికి ముగ్గురు, నలుగురికి నలుగురు చొప్పున ఆడిస్తే ఆ సంఖ్య వందలకు చేరుతుంది. పెద్దల మైదానం 91.40 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పు ఉంటుంది. పదేళ్ల పిల్లలను పదకొండు మందికి పదకొండు మందిగా అందులోకి వదిలితే, వేగంగా పరిగెత్తే ఇద్దరే ఆడతారు, మిగిలినవారు ఆ ఇద్దరి వెనక పరిగెత్తుతారు. ఈ కారణం వల్లనే కేంద్రంలో ఎన్ని బంతులున్నాయని అడగడం చిన్న ప్రశ్న కాదు. సంచిలో ఆరు బంతులు, మైదానంలో ముప్పై మంది పిల్లలు ఉంటే, కోచ్ ఎంత గొప్పవాడైనా చేయగలిగింది తక్కువ.

ఆ మూడు సాయంత్రాల్లోనే, తప్పు చేసిన పిల్లవాడితో కోచ్ ఎలా మాట్లాడతాడో వినండి. "ఎడమ చేయి పైన, కుడి చేయి కింద, మోకాళ్లు వంచు" అని చెప్పి మళ్లీ చేయించే కోచ్ వేరు, పేరు పెట్టి అరిచి మైదానం చుట్టూ రెండు రౌండ్లు కొట్టించే కోచ్ వేరు. పరుగును శిక్షగా చేస్తే పిల్లవాడికి పరుగు మీదే విరక్తి పుడుతుంది. హాకీలో అంతకంటే నష్టం మరొకటి లేదు. పాటియాలాలో 1961లో మొదలైన జాతీయ క్రీడా సంస్థ నుంచి వచ్చిన ఎన్‌ఐఎస్ అర్హత కోచ్‌కు ఉందా అని అడగడం మంచిదే, అది పూర్తి డిప్లొమానా, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సా అన్నదీ తెలుసుకోవచ్చు. అయితే ఏ కాగితమూ లేకుండా జిల్లా పరిషత్ బడిలో ఏళ్ల తరబడి జట్లను తయారుచేసిన వ్యాయామ ఉపాధ్యాయులు మన దగ్గర ఉన్నారు కాబట్టి, కాగితాన్ని మొదటి ప్రశ్నగా కాక చివరి ప్రశ్నగా ఉంచుకోమంటాను. కొత్తగా నేర్చుకునేవారు ఇరవైకి మించి ఉన్నప్పుడు కోచ్ ఒక్కడే ఉంటే సరిపోదన్నది నా అభిప్రాయం.

మైదానం విషయంలో మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌తో మొదలై పెద్ద పోటీలన్నీ క్రమంగా టర్ఫ్ మీదికి, అంటే కృత్రిమ గడ్డి మైదానాల మీదికి మారాయి; మన పిల్లల్లో ఎక్కువమంది నేర్చుకునేది మాత్రం ఎర్రమట్టి, గులకరాళ్లు కలిసిన నేల మీద. మట్టి మీద బంతి ఎగిరి వస్తుంది కాబట్టి పిల్లవాడు కాస్త నిటారుగా నిలబడి, స్టిక్‌ను నిలువుగా పట్టి ఆపడం అలవాటు చేసుకుంటాడు. టర్ఫ్ మీద బంతి నేలను అంటుకుని వేగంగా వస్తుంది. అక్కడ నడుము, మోకాళ్లు బాగా వంచి, స్టిక్‌ను నేలకు దగ్గరగా ఉంచితేనే బంతి ఆగుతుంది. మట్టి మైదానమున్న కేంద్రాన్ని ఈ కారణంతో కొట్టిపారేయనక్కరలేదు, కానీ పన్నెండేళ్లు దాటిన పిల్లలను నెలకు ఒకటి రెండుసార్లైనా టర్ఫ్ మీదికి తీసుకెళ్తారా, ఎక్కడికి, ఎవరి ఖర్చుతో అన్నది అడిగి తీరాలి. టర్ఫ్ ఉన్నచోట దానిని తడుపుతారో లేదో కూడా చూడండి. మంచినీళ్ల ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టే ఊళ్లో గడ్డి కూడా కాని దానికి నీళ్లు పోయమనడం విచిత్రంగా తోచవచ్చు. నీటితో ఆడేందుకు చేసిన టర్ఫ్ ఎండిపోతే మాత్రం బంతి మందగిస్తుంది, పడిన పిల్లల మోకాళ్ల తోలు లేచిపోతుంది, ఎండకు అది మట్టి కంటే ఎక్కువ వేడెక్కుతుంది.

వేడి సంగతి వేరుగా చెప్పవలసిందే. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, కడప, అనంతపురాల్లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. జిల్లా క్రీడా ప్రాధికార సంస్థల వేసవి శిబిరాలు జరిగేదీ ఆ నెలల్లోనే. అలాంటి శిబిరం పిల్లవాడికి ఆట నచ్చుతుందో లేదో తెలుసుకోవడానికి చక్కటి అవకాశం, అయితే శిక్షణ ఉదయం ఎనిమిది లోపు ముగియాలి, సాయంత్రం ఐదు దాటాక మొదలవ్వాలి. పావుగంటకో ఇరవై నిమిషాలకో నీళ్లు తాగించే పద్ధతి ఉండాలి, దగ్గరలో నీడ ఉండాలి. "పిల్లవాడు తూలుతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ పడిపోతే ఏం చేస్తారు?" అని కోచ్‌ను సూటిగా అడగండి. నీడలో పడుకోబెట్టి, ఒళ్లంతా తడిపి, గాలి తగిలేలా చేస్తూ ఆ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్తామని తడుముకోకుండా చెప్పగలిగితే సరి. "మా పిల్లలకు ఎండ అలవాటే" అన్న జవాబు వస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

పరికరాల గురించి తల్లిదండ్రులకు తెలియని సంగతులు కొన్ని ఉన్నాయి. హాకీ బంతి 156 నుంచి 163 గ్రాములు తూగుతుంది, అంటే దాదాపు క్రికెట్ బంతి అంత బరువు, అంతే గట్టిదనం. కాబట్టి మోకాలి కింద కాలి ముందు ఎముకకు షిన్ గార్డులు, పళ్లకు మౌత్ గార్డు లేకుండా ఆడనిచ్చే కేంద్రం ఎంత పేరున్నదైనా అజాగ్రత్తగా నడుస్తున్నట్లే. స్టిక్‌కు ఎడమవైపు మాత్రమే చదునుగా ఉంటుంది, ఆ చదును వైపుతోనే ఆడాలన్నది నియమం. ఎడమచేతి వాటం పిల్లలకు వేరే స్టిక్ లేదు, వారు కూడా ఎడమ చేయి పైన పెట్టి ఇదే స్టిక్‌తో నేర్చుకోవాలి, నేర్చుకుంటారు కూడా. పొడవు విషయానికొస్తే, పిల్లవాడి పక్కన నిలబెట్టినప్పుడు స్టిక్ పైకొన నడుము ఎముక దాకా వస్తే చాలు. పెరిగే పిల్లవాడని యూనిఫాం వదులుగా కుట్టించినట్టు స్టిక్‌ను కూడా రెండు అంగుళాలు పెద్దది కొనేవాళ్లున్నారు. పొడవు స్టిక్ పట్టిన పిల్లవాడు వంగడం మానేస్తాడు, ఆ అలవాటు పోగొట్టడం చాలా కష్టం. మొదటి రెండు మూడు నెలలు కేంద్రం స్టిక్‌నే వాడనిచ్చి, ఆ తరువాతే కొనమని చెప్పే చోటు నమ్మదగినది. చేరిన రోజే ఖరీదైన కాంపోజిట్ స్టిక్ తమ దగ్గరే కొనాలనే చోటు నాకు నచ్చదు.

గోల్‌కీపర్‌ను ఎలా ఎంచుతున్నారో చూస్తే కేంద్రం తీరు సగం తెలిసిపోతుంది. లావుగా ఉన్నాడనో, నెమ్మదిగా పరిగెత్తుతాడనో ఒక పిల్లవాణ్ణి గోల్‌లో నిలబెట్టి, పాత ప్యాడ్లు కట్టి వదిలేయడం చాలాచోట్ల చూశాను. భారత మహిళల జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడిన ఎతిమరపు రజని మన సీమ అమ్మాయే, ఉమ్మడి చిత్తూరు జిల్లా యనమలవారిపల్లెకు చెందినవారు. గోల్‌కీపింగ్ మిగిలిన స్థానాలకు పనికిరానివారికి ఇచ్చే స్థానం కాదనడానికి ఆమె పేరు చాలు. హెల్మెట్, ఛాతీ రక్షణ, ప్యాడ్లు, పాదాలకు తొడిగే కిక్కర్లు, గ్లవ్స్ అన్నీ కలిపి మామూలు కుటుంబానికి భారమే కాబట్టి, అవి కేంద్రం దగ్గర సరైన కొలతల్లో ఉండాలి, గోల్‌కీపర్‌కు రోజూ కొంతసేపు విడిగా శిక్షణ ఉండాలి.

పోటీల గురించి అడిగేటప్పుడు గెలుపుల లెక్క కంటే, నిరుడు ఎంతమంది పిల్లలు మ్యాచ్‌లో దిగారన్న లెక్క అడగండి. హాకీలో పెనాల్టీ కార్నర్ (తప్పు చేసిన జట్టు గోల్ మీదికి ఎదుటి జట్టుకు ఇచ్చే ప్రత్యేక అవకాశం) సమయం తప్ప, ఆటగాళ్లను ఎన్నిసార్లైనా మార్చవచ్చు, బయటికి వచ్చినవారు మళ్లీ లోపలికి వెళ్లవచ్చు. అంటే బెంచీ మీది పిల్లవాణ్ణి ఐదు నిమిషాలైనా ఆడించకపోవడానికి నియమాలు అడ్డం కావు. ఆడించని కోచ్ ఆడించకూడదనుకున్నాడనే అర్థం.

ఆడపిల్లను చేర్చేటప్పుడు మహిళా కోచ్ గానీ, శిక్షణ జరిగినంతసేపూ ఉండే మహిళా సిబ్బంది గానీ ఉన్నారా, బట్టలు మార్చుకునే గది, మరుగుదొడ్డి వాడదగినట్టు ఉన్నాయా అని స్వయంగా చూడండి. బయటి ఊరి టోర్నమెంటుకు వెళ్లినప్పుడు పిల్లలు ఎక్కడ పడుకుంటారు, వెంట ఎవరెవరు వెళ్తారు, తల్లిదండ్రుల్లో ఒకరు రావచ్చా అన్నది మగపిల్లల విషయంలో కూడా అడగవలసినదే. లైంగిక వేధింపుల నుంచి పిల్లలను రక్షించే 2012 నాటి పోక్సో చట్టం అబ్బాయిలకూ అమ్మాయిలకూ ఒకేలా వర్తిస్తుంది. ఫిర్యాదు ఎవరికి చెప్పాలో పిల్లలకు తెలిసేలా కేంద్రం ఏం చేసిందని అడిగితే నొచ్చుకునేవారి దగ్గర బిడ్డను వదలకండి.

రోజూ ఇంటి నుంచి వెళ్లి రావడమా, హాస్టల్‌లో ఉంచడమా అన్న ప్రశ్న ఆలస్యంగానైనా ఎదురవుతుంది. అనంతపురంలో ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థ క్రీడా గ్రామంలో ఫుట్‌బాల్, టెన్నిస్, జూడోలతో పాటు హాకీ కూడా నేర్పుతూ వచ్చారు. కడపలో ప్రభుత్వ రెసిడెన్షియల్ క్రీడా పాఠశాల ఉంది. అలాంటి పాఠశాలల్లో నాలుగో తరగతికి ఎంపిక చేసేటప్పుడు స్టిక్ పట్టడం వచ్చా అని చూడరు, పరుగు, రెండు గీతల మధ్య అటూఇటూ పరిగెత్తే షటిల్ రన్, గెంతు, మెడిసిన్ బాల్ అనే బరువైన బంతిని విసరడం వంటి పరీక్షలతో దేహ సామర్థ్యాన్ని కొలుస్తారు. కాబట్టి ఆరేడేళ్ల పిల్లవాణ్ణి హడావుడిగా హాకీ అకాడమీలో చేర్చడం కంటే ఖోఖో, పరుగులు, చెట్లెక్కడం మేలు. ఖోఖోలో వంగి చటుక్కున దిశ మార్చే అలవాటు తరువాత హాకీలో నేరుగా అక్కరకొస్తుందని నా నమ్మకం. ఎనిమిది నుంచి పదేళ్ల మధ్య మొదలుపెడితే ఆలస్యమేమీ కాదు. వారానికి శిక్షణ గంటలు పిల్లవాడి వయసు అంకెను మించకూడదని క్రీడా వైద్యులు చెప్పే కొలత ఒకటుంది. పదేళ్లవాడికి వారంలో పది గంటలు, ఒక రోజు పూర్తి విశ్రాంతి. తాడిపత్రి నుంచి రోజూ బస్సెక్కి అనంతపురం వచ్చి వెళ్లే పిల్లవాడికి ప్రయాణమే అలసట కాబట్టి, మంచి కేంద్రమే అయినా దూరమైతే వారానికి మూడు రోజులు చాలని చెప్పే ధైర్యం మీకుండాలి. హాస్టల్ అయితే వంటగదిలోకి వెళ్లి చూడండి. రాగిసంగటి, పప్పు, గుడ్డు, మనం చెనిక్కాయలనే వేరుశనగ, సాయంత్రానికి ఏదో ఒక పండు ఉంటే చాలు, డబ్బాల్లో అమ్మే ప్రోటీన్ పొడులు పిల్లలకు అవసరం లేదు.

ఫీజు గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు: ఏడాది మొత్తం ఒకేసారి కట్టకండి, రసీదు తీసుకోండి, టోర్నమెంటు ఖర్చులు ఫీజులో కలిశాయో లేదో ముందే రాయించుకోండి.

స్పోర్ట్స్ కోటా ఆశ చూపి పిల్లలను చేర్చుకునేవారితో మాత్రం జాగ్రత్త. సర్టిఫికెట్‌కు విలువ వచ్చేది ఆ పోటీ ఏ స్థాయిది, గుర్తింపు పొందిన సంఘం నిర్వహించిందా అన్నదానిని బట్టి. పేరులో "జాతీయ" అని ఉన్న ప్రతి టోర్నమెంటూ జాతీయ పోటీ కాదు. బడుల పోటీలు అండర్ 14, 17, 19 విభాగాల్లో జరుగుతాయి. మిగిలిన పోటీలకు జిల్లా సంఘం, హాకీ ఆంధ్రప్రదేశ్, హాకీ ఇండియా అనే వరుసలో పేరు వెళ్లాలి. మీ కేంద్రం పిల్లలు ఈ వరుసలో ఎవరి ద్వారా ఆడుతున్నారో చెప్పలేకపోతే అక్కడ ఇచ్చే సర్టిఫికెట్లు గోడకు తగిలించుకోవడానికే. "రెండేళ్లు తగ్గించి రాయిద్దాం, చిన్న విభాగంలో మెరుస్తాడు" అనే సలహా ఎవరిచ్చినా వినకండి. ఎముకల వయసు పరీక్షలో పట్టుబడితే పోయేది పిల్లవాడి పేరే.

చేర్చిన తరువాత మూడు నెలలకు మళ్లీ ఒక సాయంత్రం గట్టున కూర్చుని, ఈసారి మీ బిడ్డ తాకిడులనే లెక్కపెట్టండి. లెక్క పెరగకపోతే కోచ్‌తో మర్యాదగా మాట్లాడండి. మరో నెలకూ మారకపోతే కేంద్రం మార్చండి. మారేటప్పుడు జనన ధ్రువీకరణ పత్రం అసలు ప్రతి, ఆడిన పోటీల సర్టిఫికెట్లు, సంఘంలో నమోదైన సంఖ్య తీసుకోకుండా బయటికి రావద్దు. మొదటి కేంద్రం మానేశాక మా పెద్దబ్బాయిని వేరే బడి మైదానంలో మళ్లీ ఆడించాలనుకున్నప్పుడు, పాత కేంద్రంలో ఉండిపోయిన జనన పత్రం కోసం నేను నాలుగు నెలలు తిరిగాను.