ర్యాలీకి పాత కారు తీస్తున్నారా? ముందు పెట్రోల్ పైపు చూడండి

మొన్న ఒక క్లబ్బు వాళ్ల ఆదివారం డ్రైవ్‌లో పాత అంబాసిడర్ బానెట్ కింద మంట లేచింది. అదృష్టం, మనుషులకేమీ కాలేదు. కారు మాత్రం డ్యాష్‌బోర్డు దాకా కాలిపోయింది. ముందు రోజే బంపర్లకు, గ్రిల్‌కు మెరుగు పెట్టించారట. పెట్రోల్ పైపు జోలికి మాత్రం పోలేదు.

చలికాలమంతా పాత కార్ల ర్యాలీలే. ఆయిల్, నీళ్లు, టైర్లలో గాలి చూసుకోమని మీకు చెప్పక్కర్లేదు. నేను చెప్పేది ఒక్కటే. పెట్రోల్ పైపు మార్చండి. కిందటేడు నడిచింది కదా, ఈసారి కూడా లాగించేద్దాం అనుకునే దగ్గరే కార్లు పోతున్నాయి.

ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అరవైల్లో, డెబ్బైల్లో వచ్చిన కార్ల రబ్బరు దీన్ని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. కొన్నాళ్లకు ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, లోపలి పొర ఊడుతుంది. పైకి నల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది. ఇథనాల్ ట్యాంకులో పేరుకున్న పాత మడ్డిని కూడా కదిలిస్తుంది. ఆ నలుసు వచ్చి కార్బురేటర్‌లో (పెట్రోల్‌ను గాలితో కలిపే భాగం) పెట్రోల్‌ను ఆపే నీడిల్ దగ్గర ఇరుక్కుంటే పెట్రోల్ పొంగి పొర్లుతుంది. అంబాసిడర్ ఇంజన్‌లో కార్బురేటర్, పొగ బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఒకే పక్కన ఉంటాయి. పైన కార్బురేటర్, కింద కాలే ఇనుము. ఇక పెట్రోల్ చుక్క ఎక్కడ పడుతుందో మీరే ఊహించుకోండి.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు క్లిప్పు పక్కనే పైపును వేళ్లతో వంచి చూడండి. సన్నటి నెర్రెలు కనిపించినా, వేలికి నలుపు అంటినా, నొక్కితే జిగురుగా అనిపించినా అది పనికిరాదు. ఏమీ కనిపించకపోయినా, ఎప్పుడు వేయించారో గుర్తు లేకపోతే మార్చేయండి. బానెట్ కింద ఉన్న జానెడు ముక్కతో సరిపెట్టుకోకుండా, ట్యాంకు నుంచి పంపు దాకా కారు కింద ఉన్న రబ్బరు ముక్కలు కూడా మార్చాలి. మెకానిక్‌లు ఎక్కువగా మర్చిపోయేవి అవే. కొత్త పైపు మీద ఇథనాల్‌ను తట్టుకునే రకమని తెలిపే జే30ఆర్9 (J30R9) గుర్తు అచ్చు ఉందో లేదో చూసుకోండి. పంపులో పెట్రోల్‌ను తోసే పలుచటి పొర, డయాఫ్రమ్, కూడా రబ్బరే, దాన్నీ చూసుకోండి.

ఇక ఈవెంట్ల సంగతి. ప్రదర్శనలో కారు కదలదు కాబట్టి భయం లేదనుకుంటారు. ట్యాంకు నిండా కొట్టించి ఎండలో నిలబెడితే పెట్రోల్ వ్యాకోచించి మూత దగ్గర కారుతుంది. పక్కనే సిగరెట్ పట్టుకుని ఫోటో దిగేవాళ్లు ఉండనే ఉంటారు. ట్యాంకు కొంచెం ఖాళీగా ఉంచండి, బ్యాటరీ వైరు తీసేయండి.

ఊరేగింపు డ్రైవ్ దీనికన్నా కష్టం. నడక వేగంతో పోతుంటే రేడియేటర్‌కు గాలి తగలదు. వేడికి పైపులో పెట్రోల్ ఆవిరై బండి ఆగిపోతుంది. అప్పుడు సెల్ఫ్ అదేపనిగా కొట్టకుండా, పంపు మీద తడి గుడ్డ వేసి కాసేపు ఆగండి.

చెప్పిన వేగంతో, చెప్పిన సమయానికి చేరాల్సిన టైమ్-స్పీడ్-డిస్టెన్స్ ర్యాలీలో ముందొచ్చినా, ఆలస్యంగా వచ్చినా పెనాల్టీ పాయింట్లే. దారి తప్పినవాళ్లు ఆ నిమిషాలు పూడ్చుకోవాలని తొక్కుతారు. డ్రమ్ బ్రేకులున్న కారుతో ఘాట్ రోడ్డులో ఆ పని చేస్తే దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. పాయింట్లు పోతే పోనీయండి. కోన్ల మధ్య తిప్పే జిమ్ఖానాలో మలుపు మలుపుకీ కార్బురేటర్‌లో పెట్రోల్ నిలిచే ఫ్లోట్ చాంబర్‌లో పెట్రోల్ ఊగుతుంది. మళ్లీ అదే మాట: పైపు మార్చకుండా అందులోకి దిగకండి.

కాగితాలు చూసుకోండి. మామూలు కారు పాలసీల్లో రేసులకు, వేగ పరీక్షలకు, రిలయబిలిటీ ట్రయల్స్‌కు (బండి ఎంత నమ్మకంగా నడుస్తుందో చూసే పోటీలు) కవర్ ఉండదని రాసే ఉంటుంది. పోటీకి పేరిచ్చే ముందే కంపెనీని రాతపూర్వకంగా అడగండి. నోటిమాట చెల్లదు.

50 ఏళ్లు దాటిన కారుకు 2021 కేంద్ర రూల్స్ కింద వింటేజ్ వాహనాలకిచ్చే వీఏ నంబరు తీసుకున్నవాళ్లు దాన్ని రోజువారీ పనులకు తిప్పకూడదు. కానీ పెట్రోల్ కొట్టించడానికి, మెయింటెనెన్స్‌కు తీసుకెళ్లవచ్చు. కాబట్టి రూల్స్ ఒప్పుకోవంటూ ఆరు నెలలు షెడ్డులో పెట్టి, ర్యాలీ రోజు పొద్దున మొదటిసారి స్టార్ట్ చేయడం ఉత్త బద్ధకం.

మిగిలినవి వరసగా చెప్పేస్తాను.

పెట్రోల్ వాసన వస్తే బయల్దేరకండి. "పాత కారు కదా, అలాగే ఉంటుంది" అనే మెకానిక్‌ను మార్చండి.

ఎగ్జాస్ట్ దగ్గర ప్లాస్టిక్ ఫిల్టర్ వేలాడదీయకండి.

పైపుకు బట్ట చుట్టి, తీగ కట్టి నడపకండి.

టైరు గాడి చూసి మోసపోకండి, పక్కన ఉన్న తయారీ తేదీ చదవండి. ఆ తేదీయే లేని టైరైతే అసలు వద్దు.

బెల్టులు లేని కారులో పిల్లల్ని ఎక్కించుకోకండి, పరేడ్ అయినా సరే.

ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ డిక్కీలో కాదు, సీటు దగ్గర చేతికందేలా బిగించండి.

పొగ వస్తే ఇగ్నిషన్ ఆపండి, అందరినీ దించండి. బానెట్ బార్లా తెరవకండి. గాలి తగిలితే మంట ఎగదన్నుతుంది. కాస్త సందు చేసి అందులోంచే పౌడర్ కొట్టండి. నీళ్లు పోయకండి.

ఎక్స్‌టింగ్విషర్ ఖాళీ అయ్యాక కూడా మంట ఆగకపోతే దూరంగా వచ్చేయండి. కారు కోసం మళ్లీ దగ్గరికి వెళ్లకండి.

పైపు ఈ వారమే మార్చండి. మార్చాక ఇంజన్ పావుగంట నడిపి, ఆపి, ప్రతి క్లిప్పూ వేలితో తడిమి చూడండి. తడి తగిలితే ఆ ఆదివారం కారు షెడ్డులోనే ఉంటుంది, మీరు బస్సులో వెళ్తారు.