డెంటల్ క్లినిక్‌లో ఫోన్ మోగగానే పేషెంట్ పేరు తెరమీదికి

క్లినిక్‌కు ఫోన్ రాగానే, చేసిన పేషెంట్ ఎవరో రిసెప్షన్ కంప్యూటర్‌లో కనిపించేలా చేసుకోవచ్చు. నెల్లూరు పొగతోట క్లినిక్ అయినా ఒంగోలు క్లినిక్ అయినా, ఇందులో కష్టం ఫోన్‌ను కంప్యూటర్‌కు కలపడంలో లేదు, నంబర్లు సరిపోల్చడంలో ఉంది. అందుకే ముందు పేషెంట్ల వివరాలుండే సాఫ్ట్‌వేర్‌లోని నంబర్ల సంగతి చూడండి. ఒకటి +91తో, ఒకటి సున్నాతో, మరొకటి మధ్యలో ఖాళీతో ఎక్కించి ఉంటారు. అంకెలు తప్ప మిగతావన్నీ తీసేసి, చివరి 10 అంకెలనే పోల్చాలి. ల్యాండ్‌లైన్‌కూ ఇదే లెక్క: నెల్లూరు 0861 తర్వాత 7 అంకెలు, ఒంగోలు 08592 తర్వాత 6. ముందు సున్నా తీస్తే రెండూ పదే. లోకల్ కాల్ కోడ్ లేకుండా వస్తే మీ ఊరి కోడ్ మీరే తగిలించి వెతకండి.

ఓపెన్ డెంటల్ లాంటి డెంటల్ క్లినిక్ సాఫ్ట్‌వేర్లలో ఇల్లు, ఆఫీసు, మొబైల్ అని మూడు గడులుంటాయి. మూడింటిలోనూ వెతకాలి. ఇంటిల్లిపాదికీ ఒకే నంబరు రాయించడం మనవైపు మామూలే కాబట్టి, దొరికిన మొదటి ఫైలు తెరిచేయకండి. దొరికిన వాళ్లందరినీ వరుసగా చూపించండి: ఇంటిపేరుతో సహా పేరు, వయసు, ఊరు, తర్వాతి అపాయింట్‌మెంట్. నెల్లూరులో ఉత్త ‘పెంచలయ్య’ అని చూపిస్తే ఏ పెంచలయ్యో ఎవరికి తెలుస్తుంది? చికిత్స వివరాలు, బాకీ మాత్రం వద్దు. కౌంటర్ దగ్గర నిలబడ్డవాళ్లకూ ఆ తెర కనిపిస్తుంది.

ఇక కలపడం. రిసెప్షన్ ఆండ్రాయిడ్ ఫోన్‌లో మాక్రోడ్రాయిడ్ లాంటి ఆటోమేషన్ యాప్ పెట్టి, కాల్ రాగానే ఆ నంబరును వైఫై మీదుగా కంప్యూటర్‌కు పంపేలా అమర్చండి. కంప్యూటర్‌లో చిన్న ప్రోగ్రామ్ దాన్ని అందుకుని, పేషెంట్ల డేటాబేస్‌లో వెతికి, పాపప్ (తెరమీద చిన్న కిటికీ) చూపిస్తుంది. ఆ ప్రోగ్రామ్‌కు డేటాబేస్‌ను చదివే అనుమతి మాత్రమే ఉన్న వేరే యూజర్ ఖాతా ఇవ్వండి. డేటాబేస్ ప్రధాన పాస్‌వర్డ్ దానికి వాడొద్దు. పేషెంట్లకిచ్చే వైఫై, క్లినిక్ వైఫై వేరువేరుగా ఉండాలి.

పాపప్ రాకపోతే చూడాల్సినవి: కాల్ లాగ్ అనుమతి లేకుంటే ఆండ్రాయిడ్ 9 నుంచి యాప్‌కు నంబరు అందదు. బ్యాటరీ ఆదా సెట్టింగ్ యాప్‌ను నిద్రపుచ్చుతుంది, యాప్‌ను దాన్నుంచి మినహాయించండి. కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్ ఐపీ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) మారిపోయి ఉండొచ్చు, రౌటర్‌లో ఐపీని స్థిరం చేయండి. విండోస్ ఫైర్‌వాల్‌లో మీ ప్రోగ్రామ్ నంబరు అందుకునే పోర్టును (దారిని) ప్రైవేట్ నెట్‌వర్క్‌కు మాత్రమే తెరవండి.

ల్యాండ్‌లైన్ అయితే ముందు కాలర్ ఐడీ సదుపాయం ఆన్ చేయించుకోవాలి. ఫోన్ లైనును కంప్యూటర్‌కు కలిపే వాయిస్ మోడెమ్‌కు ‘ఏటీ+వీసీఐడీ=1’ (AT+VCID=1) ఆదేశమిస్తే నంబరు చెబుతుంది. మోడెమే కాల్ ఎత్తేయకుండా ‘ఏటీఎస్0=0’ (ATS0=0) కూడా ఇవ్వండి. డిస్‌ప్లే ఉన్న ఫోన్‌లో నంబరు కనిపిస్తూ మోడెమ్‌లో రాకపోతే, లైను నంబరును డీటీఎంఎఫ్ పద్ధతిలో (ఫోన్ బటన్ల టోన్ల రూపంలో) పంపుతోందేమో చూడండి. చాలా మోడెమ్‌లకు ఎఫ్‌ఎస్‌కే అనే మరో సంకేత పద్ధతి మాత్రమే తెలుసు. అలాంటప్పుడు రెండూ చదివే యూఎస్‌బీ కాలర్ ఐడీ పెట్టె కొనడమే మేలు.