పై షడ్జమం దగ్గర గడ్డం లేస్తోందా?

కర్ణాటక సంగీతం సాధన మొదలుపెట్టిన తొలి ఏడాదంతా నేను ఎవరి పాట నచ్చితే వాళ్ల శ్రుతిలోనే, అంటే వాళ్లు స పెట్టుకున్న ఎత్తులోనే, పాడేదాన్ని. పై షడ్జమం (పై స) వచ్చేసరికి గడ్డం పైకి లేచేది, మెడ నరాలు ఉబ్బేవి. అరగంటకల్లా గొంతు బొంగురు. సాధన అంటే గొంతు అరగదీయడమే అనుకున్నాను. గొంతయితే అరిగింది, పాట మాత్రం అక్కడే ఉంది.

అందుకే ముందు మీ శ్రుతి తేల్చుకోండి. ఫోన్‌లో తంబూరా యాప్ పెట్టుకుని ఒక్కో శ్రుతిలో పాడి చూడండి. మంద్ర పంచమం (కింది ప) గాలిలో కలిసిపోకుండా వినబడాలి, తారస్థాయి గాంధారం (పై గ) అరవకుండా అందాలి. రెండూ కుదిరిందే మీ శ్రుతి. హార్మోనియం మెట్ల లెక్కన ఆడవాళ్లకు ఎక్కువగా ఐదు, ఆరు మధ్య ఉంటుంది, మగవాళ్లకు ఒకటి, రెండు చుట్టుపక్కల. నాది నాలుగున్నర. కొన్నాళ్లు అది చెప్పుకోవడానికే నామోషీగా ఉండేది!

ఊపిరి సంగతి సులువే. వెల్లకిలా పడుకుని పొట్ట మీద ఓ పుస్తకం పెట్టుకోండి. గాలి పీల్చినప్పుడు పుస్తకం లేవాలి, భుజాలు కాదు.

తర్వాత ఐదు నిమిషాలు పెదవులు బుర్రుమనిపిస్తూ స్వరాలు ఎక్కి దిగండి. పసిపిల్లలు ఉమ్ము బుడగలు ఊదుతూ చేస్తారే, అదే. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. 220 హెర్ట్జ్‌ల స్వరం పాడితే స్వరతంతువులు సెకనుకు 220 సార్లు కలిసి విడిపోతాయి. పెదవుల దగ్గర గాలికి కాస్త అడ్డు ఉంటే ఆ ఒత్తిడి వెనక్కి తన్ని, అవి మరీ గట్టిగా కొట్టుకోకుండా కాపు కాస్తుంది. బుర్రు మధ్యలో ఆగిపోయిందంటే పెదవులు బిగిశాయి, లేదా గాలి తగ్గింది.

ఇక సరళి వరసలు, అంటే మొట్టమొదట నేర్పే స్వరాల పాఠాలు. వాటిని పాడే మాయామాళవగౌళ రాగంలో స, రి పక్కపక్కనే ఉంటాయి, రి నుంచి గ మాత్రం పెద్ద గెంతు. ఆ గెంతు కోసం ముందే ఎగబాకి రిని ఉండాల్సిన దానికంటే పైకి పాడేస్తాం. నేను రోజూ రి మీద నాలుగు అక్షరాల (తాళం లెక్క) సేపు ఆగి, తంబూరాలో స వింటూ సరిచూసుకునేదాన్ని. స్వరాలు నోటికి పట్టాక అకారంలో, అంటే స, రి అనకుండా 'ఆ' అంటూ, పాడండి, దాచుకున్న అపస్వరాలన్నీ బయటపడతాయి. మొదటి కాలం (నెమ్మది నడక) శుభ్రపడకుండా మూడో కాలం (బాగా వేగం) జోలికి పోవద్దు.

పై షడ్జమానికి నాకు పనికొచ్చింది ఇది: బొటనవేలు గడ్డం కింద మెత్తటి చోట ఆనించి పాడండి. అక్కడ గట్టిపడి వేలిని తోస్తోందంటే నాలుక మొదలు బిగుస్తోందన్నమాట. అప్పుడు అదే స్వరాన్ని సగం గొంతుతో 'ఊ' అని పట్టుకుని, నెమ్మదిగా 'ఆ'లోకి తెరవండి. వేలి కింద మళ్లీ బిగిస్తే 'ఊ'కే వెళ్లండి. నాకు ఇది కుదరడానికి రెండు నెలలు పట్టింది.

పాడింది రికార్డ్ చేసి మర్నాడు వినండి. అప్పటికప్పుడు వింటే మనల్ని మనమే వెనకేసుకొస్తాం.

గొంతు బొంగురుపోతే ఆ రోజుకి ఆపేయండి. గుసగుసలాడటం, మాటిమాటికీ గొంతు సవరించుకోవడం కూడా వద్దు. రెండు మూడు వారాలకీ తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి. నేను అదే పోతుందిలే అని నెలన్నర ఊరుకున్నాను, ఆ తర్వాత డాక్టరు ఇంకో నెల పాట మాన్పించారు.