పేజ్‌మేకర్‌ను వదులుకోకుండా లినక్స్‌కు మారడం ఎలా?

వరంగల్, హనుమకొండలో శుభలేఖలు, కరపత్రాలు వేసే డీటీపీ వాళ్లలో చాలామందికి చెయ్యి తిరిగింది పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, తెలుగుకు వాడే అను ఫాంట్లతోనే. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగింది. విండోస్ 11 పెడదామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ అడుగుతుంది, పాత మెషిన్లలో చాలావాటికి అది లేదు. అలాంటి వాటికి విండోస్ బదులు వాడుకునే లినక్స్ మింట్ బాగా సరిపోతుంది.

అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కావు. ఆ మ్యాటర్‌ను లిబ్రేఆఫీస్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గీతలే వస్తాయి. లినక్స్‌లో విండోస్ ప్రోగ్రాములు నడిపే వైన్‌లో పేజ్‌మేకర్ తెరుచుకున్నా అను కీబోర్డ్ పనిచేస్తుందన్న గ్యారంటీ లేదు. అందుకే కంప్యూటర్ లోపలే మరో కంప్యూటర్‌ను (వర్చువల్ మెషిన్) నడిపే వర్చువల్‌బాక్స్ పెట్టి, పాత విండోస్‌తో ఒకే ఇంట్లో వేరు కాపురం పెట్టించడం మేలు.

ముందు ఫైళ్లు, వాటికి లింకైన బొమ్మలు, ఫాంట్లు, సెటప్ సీడీలు ఒకచోట చేర్చండి. సీరియల్ నంబరున్న సీడీ కవర్ దొరికాకే మిగతా పని. మింట్‌ను పెన్‌డ్రైవ్ నుంచి నడిపి ప్రింటర్ పలుకుతుందో లేదో చూసుకోండి. పాత హార్డ్‌డిస్క్‌ను తీసి దాచి, కొత్త ఎస్‌ఎస్‌డీలో మింట్ ఎక్కించండి. ఏదైనా తేడా కొడితే పాత డిస్క్ మళ్లీ తగిలిస్తే సరి, టెన్షన్ ఉండదు. అయినా మేడారం జాతర ముందు, ముహూర్తాల రోజుల్లో మాత్రం ఈ పని పెట్టుకోకండి.

బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరుచుకునే సెట్టింగ్స్) వర్చువలైజేషన్ ఆన్ చేసి, వర్చువల్‌బాక్స్‌లో మీ దగ్గరున్న అసలు కీతో 32 బిట్ విండోస్ 7 వేయండి. 2 జీబీ ర్యామ్ చాలు. వర్చువల్‌బాక్స్‌తో వచ్చే గెస్ట్ అడిషన్స్ పెడితే మింట్, విండోస్ రెండూ వాడుకునే షేర్డ్ ఫోల్డర్ వస్తుంది. ఈ విండోస్‌కు నెట్ కనెక్షన్ తీసేయండి, దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయాయి.

పేజ్‌మేకర్, అను వేశాక పాత శుభలేఖ ఒకటి తెరిచి, అచ్చయిన కార్డు పక్కన పెట్టి చూడండి. ‘లక్ష్మి’లో ఒత్తులు కుదిరాయా, లైన్లు అక్కడే విరిగాయా? విరుపు మారితే డాక్యుమెంట్ సెటప్‌లో ‘కంపోజ్ టు ప్రింటర్’ చూడండి. అప్పటి ప్రింటర్ డ్రైవరే అక్కడ ఉండాలి.

ప్రెస్‌కు పీడీఎఫ్ కావాలంటే పోస్ట్‌స్క్రిప్ట్ (పేజీని ప్రింటర్‌కు వివరించే భాష) ప్రింటర్ ఎంచుకుని, ప్రింట్ ఆప్షన్లలో ‘రైట్ పోస్ట్‌స్క్రిప్ట్ టు ఫైల్’ టిక్ పెట్టి, షేర్డ్ ఫోల్డర్‌లో సేవ్ చేయండి. మింట్ టెర్మినల్‌లో పీఎస్‌2పీడీఎఫ్ (ps2pdf) కమాండ్, పక్కన ఫైల్ పేరు కొడితే పీడీఎఫ్ తయారు.

అంతా కుదిరాక వర్చువల్ మెషిన్‌ను షట్‌డౌన్ చేసి, ఎక్స్‌పోర్ట్ చేసి, బయటి డిస్క్‌లో ఒక కాపీ ఉంచండి. రేపు కంప్యూటర్ మార్చినా ఆ ఫైల్‌ను ఇంపోర్ట్ చేసుకోవచ్చు.