బడి కమిటీలో నిలబడాలంటే ముందు జాబితాలో పేరు చూసుకోండి

"బడి కమిటీకి అర్జీ ఎక్కడ ఇయ్యాల?" మా ఆదోని, కోసిగి వైపు ఊళ్లలో ఈ ప్రశ్న ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. సచివాలయంలో అడిగి, మీసేవలో అడిగి, చివరికి జిరాక్స్ కొట్టు వాణ్ణి కూడా అడిగి తిరిగొచ్చినవాళ్లున్నారు. దీనికి అర్జీ ఫారం లేదు, రుసుమూ లేదు. మీ పిల్లో పిల్లోడో చదివే తరగతి ఓటర్ల జాబితాలో మీ పేరుండాలి. ఎన్నిక రోజు మీరు ఆ గదిలో ఉండాలి. అంతే.

కాగితాల మీద దాని పేరు పాఠశాల యాజమాన్య కమిటీ. కొందరు ఎస్‌ఎంసీ అంటారు, మధ్యలో కొన్నేళ్లు తల్లిదండ్రుల కమిటీ అన్నారు. ఏ పేరున్నా మూలం 2009 విద్యాహక్కు చట్టంలోని 21వ సెక్షన్. కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో అయ్యుండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లుండాలి అని అందులో రాసుంది. మన ఆంధ్రప్రదేశ్ నియమాల ప్రకారం తరగతికి ముగ్గురిని ఎన్నుకుంటారు. ఒకటి నుంచి ఐదు దాకా ఉన్న బడికి 15 మంది. పిల్లలు మరీ తక్కువున్న తరగతిని పక్క తరగతితో కలుపుతారు. గడువు రెండేళ్లు. 2024లో ఎన్నిక ఆగస్టు 8న రాష్ట్రమంతా ఒకే రోజు జరిగింది.

అసలు గొడవంతా జాబితా దగ్గరే. ఎన్నికకు వారం ముందు నోటీసు పడుతుంది, దాంతో పాటే తరగతివారీ జాబితా అంటిస్తారు. అంటించేది నోటీసు బోర్డుకే అనుకోకండి. ఒక బడిలో వంటగది గోడకు అంటించారు, రెండు రోజుల్లో పొగకు పసుపెక్కింది. నా సంగతి ఇంకో రకం. మా పాప మూడో తరగతి జాబితాలో నా పేరు లేదు, మా ఆయన పేరూ లేదు. మా మామ పేరుంది! పాపను బడిలో చేర్చే రోజు మేమిద్దరం చేనికి పోయినాం, చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది ఆయనే. రిజిస్టరులో ఆయన పేరే ఎక్కింది. అభ్యంతరాలు చెప్పుకోడానికి ఇచ్చే రోజులు రెండో మూడో ఉంటాయి. ఆ లోపే నా ఆధార్, పాప ఆధార్ పట్టుకుపోయి హెడ్మాస్టరుకు తెల్ల కాగితం మీద రాసిచ్చినా. సరిచేశారు. ఎన్నిక రోజు పోయి అరిచుంటే ఎవరూ వినేవాళ్లు కాదు.

తల్లీ తండ్రీ ఊళ్లో లేని ఇళ్ల సంగతి మా వైపు ముఖ్యం. ఆగస్టులో అందరూ ఇక్కడే ఉంటారు. దీపావళి దాటితే పత్తికి, సంక్రాంతి దాటితే మిరప కోతకు గుంటూరు వైపు బండ్లు కదుల్తాయి. పిల్లలు అవ్వల దగ్గర మిగుల్తారు, లేదంటే బడి మానేసి బండెక్కుతారు. మా పక్కింటి అవ్వ మనవణ్ణి మూడేళ్లుగా సాకుతోంది. ఆమె నిలబడతానంటే "అవ్వ తల్లిదండ్రులెట్లయితుంది?" అని తగాదా వచ్చింది. చట్టం రెండో సెక్షన్‌లోనే సమాధానముంది: పిల్లను ఎవరు సంరక్షిస్తూ తమ దగ్గర ఉంచుకుంటారో వాళ్లు సంరక్షకులే, కోర్టు కాగితం అక్కర్లేదు. ఇట్లాంటి ఇల్లయితే జాబితాలోనే అవ్వ పేరు సంరక్షకురాలిగా రాయించండి.

ఇక సీట్ల లెక్క. తరగతికి ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్లుండాలి. ఒకరు ఎస్సీ, ఎస్టీ, అనాథలు, దివ్యాంగులైన పిల్లల తరపున, ఇంకొకరు బీసీ, మైనారిటీ వంటి బలహీన వర్గాల పిల్లల తరపున రావాలి. కాబట్టి మగాయన నిలబడాలంటే దొరికేది ఒక్క సీటే. కొన్నిచోట్ల భార్య పేరు పెట్టి మీటింగుకు మొగుడొచ్చి కూర్చుంటాడు. అట్లాంటి చోట ఆమెనే పిలిపించమని మిగతా ఆడవాళ్లు అడగాలి, ఇంకెవరూ అడగరు.

ఎన్నిక రోజు గుర్తింపు కార్డు పెట్టుకుని పొద్దున్నే పోండి. తరగతి తల్లిదండ్రుల్లో సగం మందైనా రాకపోతే వాయిదా పడుతుంది, అందుకే ముందురోజు రాత్రి వీధంతా ఒకసారి చెప్పి రావడం మంచిది. పేరు ప్రతిపాదిస్తారు, పోటీ ఉంటే చేతులెత్తుతారు లేదా నోటితో చెప్తారు, అవసరమైతే చీటీలేస్తారు. మధ్యాహ్నం గెలిచినవాళ్లంతా కూర్చుని తమలోంచే చైర్మన్ని, వైస్ చైర్మన్ని ఎన్నుకుంటారు. ఆ ఇద్దరిలో ఒకరు ఆడమనిషి అయ్యుండాలి. హెడ్మాస్టరు కన్వీనరుగా ఉంటాడు. అంగన్వాడీ టీచరు, ఏఎన్ఎం, వార్డు మెంబరు హోదాతో వస్తారు, వాళ్లకు ఎన్నిక లేదు. మీ పిల్ల ఆ బడి వదిలితే మీ సభ్యత్వమూ పోతుంది.

గెలిచినాక చేసే పని చట్టం మూడు మాటల్లో చెప్తుంది: బడి నడక చూడటం, అభివృద్ధి ప్రణాళిక రాయడం, వచ్చిన డబ్బు ఎట్లా ఖర్చయిందో చూడటం. మూడోది అడగడానికే చాలామందికి మొహమాటం. 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ బడుల పథకం కింద ఏడాదికి 50,000 రూపాయల గ్రాంటు లెక్క. అందులో కనీసం 10 శాతం శుభ్రతకు పెట్టాలి. అంటే 5,000. మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదంటే, ఆ 5,000 ఎక్కడ పోయిందో అడగడానికి కోపం తెచ్చుకోనక్కర్లేదు, రిజిస్టరు తియ్యమంటే చాలు.

ఇరుగుపొరుగుకు చెప్పడం గురించి ఏ శిక్షణలోనూ గట్టిగా చెప్పరు, కానీ నా లెక్కలో సగం పని అదే. మీటింగు నిర్ణయాలు తీర్మానాల పుస్తకంలో రాయాలి, అడిగినవాళ్లకు చూపాలి. నేను ఆ పేజీ ఫోటో తీసి గ్రూపులో పెట్టేదాన్ని. ఎవరూ చదివేవాళ్లు కాదు. కమిటీలో నాతోపాటున్న ఆ పక్కింటి అవ్వ మాత్రం పుస్తకంలో వేలిముద్ర వేసి, సిరా చీర కొంగుకు తుడుచుకుంటూ బయల్దేరి కుళాయి దగ్గర బిందె దించేలోపు పదిమందికి చెప్పేసేది: ఏ టీచరు సెలవులో ఉన్నాడు, బియ్యం ఎన్ని బస్తాలొచ్చాయి, వంటావిడకు బిల్లు పడిందా లేదా. అది చూసి నేనూ మారినా. గుంటూరులో ఉన్నవాళ్లకు రాత్రి ఎనిమిది దాటాక ఒక నిమిషం వాయిస్ మెసేజ్, అంతే. కోతలో ఉన్నవాళ్లు పగలు ఫోను ఎత్తరు.

ఒక్క జాగ్రత్త. ఫలానా పిల్లోడికి చదువు రాదు, ఫలానా పిల్ల పది రోజులుగా రావడం లేదు అని పేర్లు పెట్టి గ్రూపులో వెయ్యకండి. అది ఆ ఇంటి గడపలో కూర్చుని చెప్పాల్సిన మాట.

బడివాళ్లు పుస్తకం చూపకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికి రుసుమే లేదు, మండల స్థాయికి 5 రూపాయలు. పిల్లల హక్కుకు సంబంధించిన ఫిర్యాదయితే చట్టం 32వ సెక్షన్ కింద స్థానిక సంస్థకు రాసివ్వండి, మూడు నెలల్లో తేల్చాలి. నేనైతే ముందు హెడ్మాస్టరును మర్యాదగా రెండుసార్లు అడుగుతా. రేపు అదే గదిలో ఆయన పక్కనే కూర్చోవాలి కదా.

అభివృద్ధి ప్రణాళికను ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందే, అంటే డిసెంబరుకల్లా సిద్ధం చెయ్యాలి. మాకు అది మిరప కోతకు మూటలు కట్టే ముందు నెల. కాబట్టి గోడల రంగు సంగతి రాసేముందు, ఏ ఇళ్లవాళ్లు మిరప కోతకు పోతున్నారు, వాళ్ల పిల్లలెంతమంది, అవ్వల దగ్గర ఉండేదెవరు, సీజనల్ హాస్టల్ (పెద్దలు వలస పోయిన నెలల్లో పిల్లలు ఉండే చోటు) కావాల్సిందెవరికి అని ఇల్లిల్లూ తిరిగి రాసి, తీర్మానం చేసి హెడ్మాస్టరు చేతికివ్వండి. మా ఊళ్లో గుంటూరు బండి తెల్లారుజామున నాలుగింటికే వస్తుంది. ఆ కాగితం అంతకు ముందు చేరాలి.